కదలిక సున్నా

ల్యాబ్ మేడమ్ గారికి,

బేకరీ మేస్త్రి నమస్కారాలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పిండి కలిపే మిషను మోతలో నేను అరిచి మాట్లాడాలి. ఇది అరిచి మాట్లాడే సంగతి కాదు.

మీరిచ్చిన వీర్యపరీక్ష రిపోర్టులో ‘కదలిక సున్నా’ అని ఉంది. మాకు పెళ్లయి నాలుగేళ్లు. మా ఆవిడ బస్సు కండక్టరు. రోజూ అంతమందికి టిక్కెట్లు కొడతాను, మనింటికి మాత్రం మూడో మనిషి ఎక్కడం లేదని నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు నేను చూడలేకపోతున్నాను. రిపోర్టు ఆమెకి చూపించలేదు.

నా చేతి మీద రోజూ నాలుగు వందల రొట్టెలు పొంగుతాయి. నావి కదలకపోవడమేమిటి? రేపే మళ్లీ పరీక్ష చెయ్యండి.

ఇట్లు,
తిండి సయించని మేస్త్రి

తా.క.: సీసా నింపుకోమని మీరు చూపించిన గది తలుపుకి గడియ పడదు. కనక ఈసారి కూడా సీసా ఇంటినుంచే తెస్తాను.

*

మేస్త్రి గారికి,

నమస్తే. రేపు రావద్దు. వీర్యకణాలు తెల్లారేసరికి తయారవడానికి రొట్టెలు కావు. ఒక్కో కణం రూపు దిద్దుకుని, తోక మొలిచేసరికి సుమారు డెబ్బై నాలుగు రోజులు పడుతుంది. ఈత నేర్చి బయటపడడానికి ఇంకో రెండు వారాలు. ఇదంతా నడిపించేది మెదడు కింద ఉండే బఠాణీగింజంత గ్రంథి. అది హార్మోన్లతో ఆర్డర్లు పంపుతుంది, సరుకు ఎక్కువైతే తగ్గిస్తుంది. బలం వస్తుందని ఎవరైనా మగ హార్మోను ఇంజెక్షను ఇస్తానంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. బయటి సరుకు చూసి ఆ గ్రంథి అసలు ఆర్డర్లే ఆపేస్తుంది.

పైగా ఈ తయారీ ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్నచోట జరగాలి. మీరేమో పొద్దస్తమానం పొయ్యి ముందే ఉంటారు. దానికి దూరంగా జరగండి. మూడు నెలలు దాటాక రండి.

ఇట్లు,
ల్యాబ్ పెద్ద

తా.క.: మీ సీసా పెట్టిన బల్ల మీదికి చీమలు వచ్చాయి. మీ సంచి కాస్త దులుపుకోండి.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు. మీ మాట తు.చ. తప్పలేదు. పొయ్యి వదిలి కౌంటరుకి మారాను. ఇదివరకు నేను పనికి బయల్దేరేసరికి మా ఆవిడ నిద్రలో ఉండేది, ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ని. ఇప్పుడు ఇద్దరం కలిసి భోంచేస్తున్నాం. ఆమె అన్నం తినేటప్పుడు ఇంత మాట్లాడుతుందని నాకు తెలియనే తెలియదు.

తయారీకి డెబ్బై నాలుగు రోజులన్నారు కదా, సరుకు ఖర్చు కాకూడదని హాల్లో బల్ల మీద పడుకుంటున్నాను. నడుంనొప్పి అని చెప్పాను. ఇవాళ్టికి డెబ్బయ్యో రోజు. వారం నుంచి ఆమె నాతో మాట్లాడడం లేదు. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటే చాలు కదా?

ఇట్లు,
మీ మాట జవదాటని మేస్త్రి

తా.క.: చల్లదనానికి ఐసు సంచి పెట్టుకుని కౌంటర్లో కూర్చుంటే అది కాస్తా కారింది. బన్నులు కొనడానికి వచ్చిన పెద్దాయన నా ప్యాంటు చూసి, డాక్టరు అడ్రసు రాసిచ్చి వెళ్లాడు.

*

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం చదివి, లేచి ముఖం కడుక్కుని, మళ్లీ చదివాను. దూరంగా ఉండమన్నది పొయ్యికి. మీ ఆవిడకి కాదు.

అది గోదాము కాదు బాబూ, తయారీ రోజూ జరుగుతూనే ఉంటుంది. దాచుకున్న కొద్దీ పాతబడుతుంది. పరీక్షకి ముందు మూడు రోజులు ఆగితే సరిపోతుంది. ఇవాళే ఆ బల్ల దిగండి. ఐసు కూడా తీసెయ్యండి. నెల తర్వాత సీసాతో రండి.

ఇట్లు,
ఓపిక తగ్గిన ల్యాబ్ పెద్ద

తా.క.: నడుంనొప్పి ఎలా తగ్గిందని ఆవిడ అడిగితే నా పేరు చెప్పకండి.

*

మేడమ్ గారికి,

రెండో రిపోర్టు అందింది. మళ్లీ కదలిక సున్నా. పొయ్యి వదిలాను, బల్ల ఎక్కమంటే ఎక్కాను, దిగమంటే దిగాను. ఇంకేం చెయ్యమంటారు?

ఆదివారం ఆమెతో అన్నీ చెప్పేస్తాను. నన్ను వదిలేసి వేరే దారి చూసుకోమంటాను.

ఇట్లు,
మేస్త్రి

తా.క.: బల్ల ఎక్కమన్నది మీరు కాదులెండి. అది నా తెలివే.

*

మేస్త్రి గారికి,

ఆదివారం నోరు మూసుకుని ఉండండి. రిపోర్టులో పై వరస చూశారా? కణాలు కోట్లలో ఉన్నాయి, రూపం బాగుంది. తయారీలో లోపం లేదు. అన్నీ చచ్చి ఉన్నాయి, అంతే. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు. సీసా వెచ్చగా ఉంచి గంటలోపు తెమ్మని మీకిచ్చిన కాగితంలో నేనే రాశాను. మీరు ఏం చేసి తెస్తున్నారో అడుగడుగూ రాయండి.

ఇట్లు,
ల్యాబ్ పెద్ద

తా.క.: మళ్లీ చీమలు.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం సోమవారం చేరింది. ఆదివారమే నోరు తెరిచాను.

ముందు మీరడిగింది రాస్తాను. వెచ్చగా ఉంచడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఈస్టుని నిద్ర లేపినట్టే లేపాను. సీసాలో రెండు చెంచాల వేడినీళ్లు, చిటికెడు చక్కెర, మూత పెట్టి పిండి పొంగే పెట్టెలో ముప్పావుగంట. మీ దగ్గరికి వచ్చేసరికి హుషారుగా ఉంటాయనుకున్నాను. అలా చెయ్యకూడదా?

ఇక ఆదివారం సంగతి. రిపోర్టులు రెండూ ఆమె ముందు పెట్టి, నీ దారి నువ్వు చూసుకో అన్నాను. ఆమె చదవలేదు. టిక్కెట్ల సంచిలోంచి ఇంకో రిపోర్టు తీసి వాటి మీద పెట్టింది. నెల తప్పిందట. శనివారం పరీక్ష చేయించుకుందట. కింద సంతకం మీదే. నాలుగేళ్లుగా మనం మేలుకుని కలుసుకున్నదెప్పుడు, పిల్లలెలా పుడతారనుకున్నావు అని అడిగింది. నేను ఏడ్చాను. పొయ్యి దగ్గరికి ఇక వెళ్లను.

ఇట్లు,
కౌంటరు మేస్త్రి

తా.క.: మీ ఉత్తరాలన్నీ పిండి డబ్బాలో దాచాను. ఆమె ఎప్పటికప్పుడు చదువుతూనే ఉందట. బల్ల మీద ఎన్నాళ్లుంటానో చూద్దామని ఊరుకుందట. మీకో మాట రాయమంది: తన సీసాలో ఏమీ కలపలేదట.