పదో పాట

ప్రియమైన అక్కకు,

బస్సు తోలే ముందు మాత్రం ఇది చదవకు. ఇందులో కోపం తప్ప ఏమీ లేదు. అది స్టీరింగుకు మంచిది కాదు.

మా పంక్ బ్యాండు రికార్డు మొదలైంది. మన చిన్నప్పుడు రేడియోలో మోగిన పది పాప్ హిట్లు, పదీ మా పద్ధతిలో, మా వేగంతో. టైర్ల కొట్టు వెనక గదిలో గోడలకు పాత పరుపులు కట్టి, అరువు తెచ్చిన టేపు మెషీన్ మీద రికార్డు చేస్తున్నాం. ఆ తియ్యటి పాటలను గిటారుతో గీకి గీకి పైపూత ఊడగొట్టడమే మా పని. డ్రమ్మరును మేం సుత్తి అంటాం, చేత్తో వేసేదీ నోటితో వేసేదీ అదే కాబట్టి. తొమ్మిది పాటలు అయిపోయాయి. పదోది నీది. నీ పదిహేనో ఏట నువ్వు పాడితే ఊరంతా ఊగినది.

నాన్న పేపరువాళ్ళతో ఏమన్నాడో చూశావా? "పెద్దమ్మాయి తనంతట తనే పాడటం మానేసింది. చిన్నదానికి ఆ గొంతు రాలేదు, అందుకే అరుస్తుంది. ఏదైతేనేం, నా పాట మళ్ళీ బతుకుతుంది." నా పాటట! హక్కులు ఆయన పేరు మీదే ఉన్నాయి కాబట్టి మాకు అనుమతిచ్చిందీ ఆయనే. రికార్డు అట్ట మీద 'సమర్పణ' అని తన పేరు వేయమన్నాడు కూడా.

తనంతట తనే మానేసిందా? ఆ రోజు స్టూడియోలో అద్దం వెనక కూర్చున్నాను నేను. నాకు తొమ్మిదేళ్ళు. నీకు జ్వరం, గొంతు పూడుకుపోయింది. పెద్ద ఆడదానిలా నిట్టూరుస్తూ పాడమని సంగీత దర్శకుడు పట్టుబడితే సిగ్గుతో తల దించుకున్నావు. "నా వల్ల కాదు నాన్నా" అన్నావు. "ఇంకొక్కసారి, బంగారం" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ. చివరికి నీ జేబురుమాలు మీద నెత్తురు. అమ్మ దాన్ని ఎవరూ చూడకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ పాట వీధి వీధినా మోగేనాటికి నీకు మాట కూడా పెగల్లేదు. నాన్న ఇంకో పిల్లను తెచ్చి స్టేజీ ఎక్కించి, నీ టేపుకు పెదవులు కదిలించమన్నాడు. నువ్వు మళ్ళీ పాడలేదు. మన ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తలేదు.

అందుకే నీ పాటలో పల్లవి తీసేస్తున్నాను. దాని చోట "ఇంకొక్కసారి, బంగారం" అని బ్యాండంతా కలిసి గొంతులు చీలేదాకా అరుస్తాం. అట్ట మీద ఆయన పేరు, పాటలో ఆయన మాట. ఊరంతా వినాలి.

నీ పక్షాన పళ్ళు నూరుతూ,
పిచ్చుక

* * *

పిచ్చుకా,

నా పక్షాన పళ్ళు నూరమని నిన్నెవరడిగారు?

నీ ఉత్తరం డిపోలో చదివాను. చేతిలో టీ చల్లారిపోయింది. "ఎవరైనా పోయారా?" అని కండక్టరమ్మ అడిగింది. "లేదు, బతికుండగానే నన్ను నా చెల్లి పాడె ఎక్కిస్తోంది" అన్నాను.

ఆ మాట ఆయన అన్నది నాతో. నువ్వు అద్దం అవతల బిస్కెట్లు తింటున్నావు. జ్వరం నాది, రుమాలు నాది, నెత్తురు నాది. వాటితో నీకు పల్లవి కావలసి వచ్చిందా? నాన్న నా గొంతు అమ్ముకున్నాడు, నువ్వు నా నొప్పి అమ్ముతావు. గిటారు తప్ప తేడా ఏముంది? ఆయన కనీసం నన్ను గదిలోకి పిలిచి మరీ అమ్మాడు. నువ్వు అదీ చెయ్యలేదు.

ఇంకొకటి విను. ఆ పాట నాకు ఇష్టం. ఆ నిట్టూర్పులు కాదు, ఆ మాటలూ కాదు. చరణంలో రెండో వరుస చివర గొంతు పైకి లేచి, దిగకుండా అక్కడే నిలుస్తుంది చూడు, అది నాకెవరూ నేర్పలేదు. అక్కడికి నేనే ఎక్కాను. ఆఖరి ట్రిప్పు దించేసి ఖాళీ బస్సు డిపోకి తెచ్చేటప్పుడు ఇప్పటికీ పాడుకుంటాను. అవును, పాడతాను! గొంతు బొంగురుపోయింది, పైకి అందదు, అయినా నాదే. అక్క పాడటం మానేసిందని నాన్న పేపరుకు చెప్పాడు, నువ్వు నీ బ్యాండుకు చెప్పావు. నన్ను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నీకంటూ ఒక కోపం లేదా? ఉంటే అది పాడు. నాది ముట్టుకోకు.

అక్క

* * *

నాన్నకు,

పదో పాట ఎప్పుడొస్తుందని మీరు ఫోను మీద ఫోను చేస్తున్నారు. రాదు. ఎందుకు రాదో ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తారు, అందుకే ఈ ఉత్తరం.

ఆ పాటలో మీ గురించి నేనొక పల్లవి రాశాను. ఆ మాట వాడుకునే హక్కు నాకు లేదని అక్క ఉత్తరంలో నన్ను ఉతికి ఆరేసింది. మొదట చించెయ్యబోయాను. ఆమె అన్నది నిజమని ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. తర్వాత పల్లవి కొట్టేశాను. సుత్తి మండిపడ్డాడు. "అదే కదా పాటకి ప్రాణం!"

"ఆ ప్రాణం మనది కాదురా" అన్నాను. అక్కకు ఒకే ఒక్క వాక్యం రాశాను: నీ పాటను ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

చెప్పలేదు. వచ్చింది. డ్రైవరు యూనిఫారంలోనే వచ్చి, గోడలకున్న పరుపులు చూసి "పడుకోవడానికా, పాడటానికా?" అంది. మైకు ముందు నిలబడి, "నా కోసం నిదానించకండి, మీ స్పీడులోనే కొట్టండి" అంది.

మీరెరిగిన గొంతు కాదది నాన్నా. రాతి మీద ఇనుము ఈడ్చినట్టుంది. మీరు నిట్టూర్చమన్న చోటల్లా ఉరిమింది. ఒకచోట మాటలు వదిలేసి ఉత్తి కేక పెట్టింది. నేనిన్నేళ్ళుగా అరిచినవన్నీ దాని ముందు దగ్గులే. చరణంలో పైకి లేచేచోట గొంతు అందక విరిగింది. ఆ విరిగినచోటే కాళ్ళూని నిలబడి వరుస పూర్తిచేసింది. పాట ఆగాక సుత్తి కర్రలు కింద పెట్టి, నేనెరిగినంతలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

"రికార్డులో ఇదే పెడదాం అక్కా" అన్నాను.

"ఆ టేపు ఇలా ఇవ్వు" అంది. ఇచ్చాను. సంచిలో వేసుకుంది. "ఊరికోసం కాదే, నాకోసం పాడుకున్నా. కాపీ ఉందా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

నా తల నిమిరి, డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయింది. వెంటపడి బతిమాలాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగితే ఎవరూ చావరు నాన్నా, మీరూ ఎప్పుడైనా ప్రయత్నించి ఉండాల్సింది.

మా రికార్డు తొమ్మిది పాటలతో వస్తుంది. మీ పాట లేదు, అట్ట మీద మీ పేరూ ఉండదు. మీ మీద నాకున్న కోపానికి మాటలు నేనే వెతుక్కుంటాను. పేపరువాళ్ళు అక్క గురించి అడిగితే ఆమెనే అడగమన్నాను. ఆమె తరఫున మాట్లాడే పని నేను మానేశాను. మీరూ మానేయండి.

మీ చిన్న కూతురు