చేపల హౌజు దగ్గరికి సున్నం రానివ్వకూడదు

బోధన్ పట్టణ నివాసి, మెథడిస్టు సంఘ సభ్యుడు, చక్కెర ఫ్యాక్టరీ రిటైర్డు కార్మికుడు, కీర్తిశేషులు నీరడి ఎల్లయ్య కొడుకు నీరడి పోశయ్య అను నేను, డెబ్బయి నాలుగేండ్ల వయసులో, దేవుణ్ణి తలచుకొని రాయించిన మరణశాసనం ఇది.

నా తల సరిగానే ఉంది. డాక్టరు కాగితం జతపరిచాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. "ఇంత నవ్వుకుంట వీలునామ రాయించేటోణ్ణి నేనెన్నడు సూడలే తాతా, మతి సక్కగున్నట్టే రాయాల్నా?" అని దస్తావేజులు రాసే పరమేశ్వర్ అడిగాడు. అట్లాగే రాయమన్నాను. నా సంతోషం ఎందుకో కింద వస్తుంది. దాని పక్కనే సిగ్గు కూడా వస్తుంది. రెండూ ఒకే చోట ఉన్నాయి, విడదీసి రాయడం నాకు రాదు.

ఇంతకు ముందు రాసిన వీలునామా రద్దు. అందులో ఇంటినీ వెనుక జాగానూ నడిమికి చీల్చి గోడ పెట్టమన్నాను. ఇప్పుడు ఆ గోడ పెడితే సరిగ్గా చేపల హౌజు, అంటే మేం తవ్విన నీళ్ల తొట్టి, మీదుగా పోతుంది.

1. నా భార్య శారమ్మ బతికి ఉన్నన్నాళ్లు ఇల్లంతా ఆమెదే. ఆమెను ఫలానా గదిలోనే ఉండమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకే ఎన్నడూ లేదు.

2. ముందువైపు రెండు గదులు, రోడ్డు మీది షట్టరు నా బిడ్డ మేరీకి. ఆమెను అడిగే రాస్తున్నాను. "నాకు షట్టర్ ఇయ్యి బాపు, నీళ్లల్ల వాటా నాకెందుకు? నేను చేపలకు లాలి పాడాల్నా?" అన్నది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. మా ఇంట్లో మాట మీద నిలబడేది ఆమె ఒక్కతే.

3. పడమటి గదులు, నా మోటారు సైకిలు నా కొడుకు స్టీవెన్‌కు.

4. ఇంటి వెనుక జాగా, అందులోని హౌజు, మోటారు, నీళ్లు వడకట్టే నీలం డ్రమ్ములు, పైన కప్పే వల, నిమ్మచెట్టు, ఇవన్నీ నా కోడలు లతకు, ఆమె ఒక్కదాని పేరున, సర్వహక్కులతో. ఇందులో స్టీవెన్‌కు భాగం లేదు. కారణం చెప్పకపోతే వాడు నొచ్చుకుంటాడు.

హౌజు అడిగింది లత. పెళ్లయి వచ్చిన ఇన్నేండ్లలో ఈ ఇంట్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. జపాను రంగుచేపలు, కోయి అంటారట, వాటికి లోతైన నీళ్లు కావాలి, లోతు లేకపోతే మన ఎండలకు ఉడికిపోతాయి అన్నది. "చేపను కూరకు పెంచుతరు గని సూడనీకి పెంచుతరా బిడ్డా?" అని నేను నవ్వాను. నవ్వినవాణ్ణే తెల్లారి పార పట్టుకొని దిగాను. ఫ్యాక్టరీ తొట్టిలాగ నలుచదరంగా నేను ముగ్గు పోస్తే, ఆమె కాలితో చెరిపి మామిడికాయలాగ వంపు తిప్పింది. మూలలుంటే నీళ్లు తిరగక మురుగుతాయట. మాది నల్లరేగడి. ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందుకని అడుగున మొరం కొట్టి, కంకర పోసి, ఇనుప జాలి పరిచి గోడ లేపాం. కొత్త సిమెంటు ఘాటు పోవడానికి అరటిబోదెలు కోసి నానేసి, నీళ్లు తోడి పోసి, మళ్లీ తోడాం. సిమెంటులో ఉండే సున్నం చేపకు విషమని ఆమె అప్పుడే చెప్పింది. నేను విన్నాను. విన్నానని రాయడమే నాకు కష్టంగా ఉంది.

చేపపిల్లల్ని నిజామాబాద్‌లో కొని, గాలి నింపిన సంచిలో బస్సెక్కించి తెచ్చాం. సంచి నా ఒళ్లో. కండక్టరు వంగి చూసి "గిండ్ల ఆడియి ఎన్నో చెప్పు తాతా, వాటికి టికెట్ లేదు" అన్నాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన రోజులవి, బస్సంతా నవ్వింది. నా జన్మలో అంత గొప్పగా నేను ఏ బస్సులోనూ కూర్చోలేదు.

ఆ ఎండాకాలం లత తమ్ముని పెళ్లికి మోర్తాడ్ పోయింది. గేటు దాటుతూ "మామా, దాణా తప్ప ఇంకేం ఎయ్యకు" అని చెప్పింది. ఆమె పోయాక నీళ్లు పచ్చబడ్డాయి. ఫ్యాక్టరీలో నా కొలువంతా చెరుకు రసం తేర్చే దగ్గరే గడిచింది. మురికి రసంలో సున్నపు పాలు పోస్తే మడ్డి అడుగుకు దిగి రసం తేటబడుతుంది. ఎంత పోయాలో రంగు చూసి చెప్పేవాణ్ణి. లత తిరిగొచ్చేసరికి తేటనీళ్లు చూపించాలని ఆశ పుట్టింది. సున్నం నానబెట్టి, నా చేతులతో పోశాను. నీళ్లు నిజంగానే తేటబడ్డాయి. అడుగున జారిపడ్డ నిమ్మాకు కూడా కనబడింది. ఆ తేటనీళ్ల మీద చేపలన్నీ పక్కకు ఒరిగి ఉన్నాయి.

ఇది దాచిన సంగతి కాదు. వాడకట్టంతా వచ్చి చూసింది. మా ఇంటిపేరే నీరడి. చెరువు తూము దగ్గర నిలబడి ఊరికి నీళ్లు పంచిన వంశం మాది. నేను ఇంటి వెనుక నీళ్లు కాపాడలేకపోయాను. "దేవుడు ఈ మనిషికి కండ్లిచ్చిండు గని చెవులియ్య మరిచిండు" అని శారమ్మ అన్నది. ఆ మాటకు నాకు కొంచెం ఊపిరి ఆడింది. లత మాత్రం చీర మార్చుకోకుండానే చేపలన్నిటినీ తీసి నిమ్మచెట్టు కింద పూడ్చి, చేతులు కడుక్కొని వచ్చి "బువ్వ తిన్నవా మామా?" అని అడిగింది. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచేవాణ్ణి.

స్టీవెన్ "ఇగ సాలు. పూడ్చేసి రెండు రూములు లేపుదం, కిరాయికిద్దం" అన్నాడు. వాడు దురాశతో అనలేదు. ఆ హౌజు పక్కన తలవంచుకొని కూర్చున్న నన్ను చూడలేక అన్నాడు. నేను పోయాక కూడా ఆ మాటే అంటాడని నా భయం. అందుకే జాగా వాడి పేరున రాయలేదు. నా సిగ్గు మీద మట్టి కప్పడానికి లత హౌజు పూడిపోకూడదు. బిడ్డా స్టీవెన్, నీ మీద కోపం లేదు.

5. నెత్తి మీద ఎర్రమచ్చ ఉన్న చేపను ఎవరూ అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. దానికి రోగమొచ్చి, పెళ్లికి పోయే ముందు లత ఉప్పునీళ్ల టబ్బులో వేరుగా ఉంచబట్టి ఆనాడు బతికింది. లత హౌజు కడిగి, నీళ్లు మార్చి, మళ్లీ పిల్లల్ని తెచ్చి దానికి జోడు చేసింది. ఇప్పుడది నా మోచేతి అంత ఉంది. అన్నిటికంటే ముందు నా చేతి దగ్గరికే వస్తుంది, నా వేళ్లు నోట పెట్టుకుంటుంది. ఈ చేతులే ఏం చేశాయో దానికి తెలియదు. అది వచ్చినప్పుడల్లా సంతోషంతో నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఆ వెంటనే చెయ్యి వెనక్కు తీసుకోవాలనిపిస్తుంది.

నిన్న పొద్దున లత అరిచిన అరుపుకు ప్రార్థనలో నుండి లేచి ఉరికాను. నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క వేర్లకు చేపలు పెట్టిన గుడ్లను పెద్దచేపలు తినకుండా ఆమె నీలం డ్రమ్ములోకి తీసి ఉంచింది. అవి పిల్లలయ్యాయి. కనురెప్ప వెంట్రుకల వంటివి, డ్రమ్ము గోడంతా! "మామా, మళ్ల తాతవైనవు, మిఠాయి పంచు" అన్నది. పంచాను. పంచి, ఏడ్చి, నేరుగా పరమేశ్వర్ దగ్గరికి వచ్చాను. "చేపలు చరాస్తా, స్థిరాస్తా తాతా?" అని అతను తల గోక్కున్నాడు. డ్రమ్ములో చూస్తే తెలుస్తుందన్నాను.

6. దాణా డబ్బా. సున్నం పోసిన తర్వాత నేను హౌజు వైపు పోవడమే మానేశాను. కొత్త చేపలు వచ్చిన రోజు లత ఈ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది. దీన్ని ఎవరికీ రాయడం లేదు. ఇది ఆమెదే, నా దగ్గర ఉన్నది.

7. నాతో పనిచేసిన ఆత్మారాంకు ఏమీ లేదు. సాక్షికి ఏదీ రాయకూడదని పరమేశ్వర్ చెప్పాడు. రాయవచ్చన్నా ఇచ్చేవాణ్ణి కాదు. చేపలు చచ్చిన నాడు అందరి ముందర "పోశన్నా, శక్కర బస్తాలెన్నయినయి?" అని అడిగాడు. ఆ మాటకు ఇప్పుడు నాకు కూడా నవ్వొస్తుంది గానీ వాడికి చెప్పను.

8. హౌజు దగ్గరికి సున్నం రానివ్వకూడదు. ఇంటికి వెల్ల వేయించాలంటే ముందుగా హౌజు మీద టార్పాలిన్ కప్పాలి. ఈ షరతు ఇల్లు చేతులు మారినా చెల్లుతుంది.

9. నా సమాధికి సున్నం కొట్టవద్దు. ఈస్టర్‌కు మనవాళ్లు సమాధులన్నీ తెల్లగా చేస్తారు. నాది మట్టిగానే ఉండనివ్వండి. తెల్లదనం నాకు తగదు.

సంతకానికి ముందు సవరణ: పై వీలునామాను ఇంటిల్లిపాది ముందు చదివించాను. స్టీవెన్ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తొమ్మిదో క్లాజు దగ్గర లత పరమేశ్వర్ చేతిలోని పెన్ను ఆపి, "అది కొట్టెయ్యి అన్నా" అని, నా వైపు తిరిగి "సున్నం మేం కొడ్తం మామా, తెల్లగ కొడ్తం. నీ చేతికి మాత్రం ఇయ్యం" అన్నది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. కనుక తొమ్మిదో క్లాజు, లత మాట మీద, నా సమ్మతితో కొట్టివేయబడినది. ఎనిమిదోది అట్లాగే ఉంటుంది.

బోధన్, 2025 ఆగస్టు 19.

(సంతకం) నీరడి పోశయ్య

సాక్షులు:
1. ఆత్మారాం, రిటైర్డు ఫ్యాక్టరీ కార్మికుడు
2. లక్ష్మీరాజం, పక్కింటివారు

రాసినవారు: పరమేశ్వర్, దస్తావేజు లేఖరి