బొగ్గు మీద పడ్డ నింద

జూలై 3, ఉదయం

నా గది బాత్రూమ్ గుమ్మంలో బూడిదరంగు నలుసులు. వేలు పెడితే గెంతాయి. కోడలు చూసింది. కుక్క పేలు మామయ్యా, మీ బొగ్గువే, అంది.

బొగ్గు నా కుక్క. ముసలిది. నాతోపాటే ఈ ఇంటికొచ్చింది. వచ్చిన రోజే కోడలు ముక్కు మూసుకుంది. ఇది దాన్ని వదిలించుకునే సాకేమోనని నాకెందుకో అనుమానం.

జూలై 4

రోజూ స్నానం చేయించండి నాన్నా, వారంలో తగ్గకపోతే ఎవరికైనా ఇచ్చేద్దాం, అన్నాడు అబ్బాయి. సరే అన్నాను. గది కూడా కడిగాను. బొగ్గుకి గోనెపట్టా పరిచాను.

జూలై 8

ఎక్కువయ్యాయి. పట్టా కింద పిండి చల్లినట్టున్నాయి. రెండు పూటలా కడుగుతున్నా ఇదేంటి? కోడలే ఎక్కణ్ణుంచో తెచ్చి పోస్తోందా? తలుపు సందులోంచి చూశాను. బకెట్ తోముకుంటోంది. ఏంటి మామయ్యా, పోలీసు డ్యూటీయా, అంది. తల తీసేసినట్టయింది.

జూలై 9

బొగ్గు గోక్కోవడం లేదు. కోడలు గోక్కుంటోంది.

జూలై 11

కొన్నిటిని మాత్రల సీసాలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికెళ్లాను. భూతద్దంలో చూసి నవ్వాడు. కుక్క పేలైతే గట్టిగా ఉంటాయి, రక్తం తాగుతాయి తాతా, అన్నాడు. ఇవి మెత్తన. పొట్ట కింద మడిచిన తోక, దాన్ని నేలకి కొట్టి ఎగురుతాయి. స్ప్రింగ్‌టెయిల్స్ అట. తడి ఉన్నచోట బూజు తిని బతుకుతాయి, కరవవు. నేల ఆరితే అవే పోతాయన్నాడు. రెండు పూటలా కడుగుతున్నానన్నాను. ఇంకేం, నువ్వే పెంచుతున్నావ్, అన్నాడు.

గబగబా ఇంటికొచ్చాను. గొలుసుంది. బొగ్గు లేదు. వీధి చివర గోడౌన్ వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు అబ్బాయి. వారమైందిగా నాన్నా, అన్నాడు.

డాక్టరు చెప్పిన ఇంగ్లీషు పేరు చెప్పబోయాను. నోరు తిరగలేదు. కుక్కవి కావట, అని మాత్రం అన్నాను. కుక్క లేకుండా ఒక్క పురుగు కనబడనివ్వండి మామయ్యా, నేనే వెళ్లి దాన్ని తెస్తా, అంది కోడలు. మాట మీద నిలబడే మనిషే.

జూలై 16

కడగడానికి బొగ్గు లేదు. నేల ఎండిపోయింది. ఒక్క పురుగూ లేదు. కోడలు గుమ్మం వేలితో రాసి అబ్బాయికి చూపించింది. ఎవరివో తేలిందిగా, అంది. తడి ఆరినందుకు పోయాయమ్మా, అందామనుకున్నాను. ఆలోపే ఇద్దరూ లోపలికెళ్లిపోయారు.

జూలై 17, మధ్యాహ్నం

ఇద్దరూ ఆఫీసులకెళ్లారు. గోనెపట్టా పరిచి రెండు చెంబుల నీళ్లు పోశాను. పక్కనే కూర్చున్నాను.

రండమ్మా, రండి, అన్నాను.