ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే

నాన్నా, అన్నం వండి పెట్టాను, కూర వేడి చేసుకుని తిను. ఫోన్ చార్జింగ్‌లో ఉంది, దాని పక్కనుంచి కదలకు. నాకు సీటు వచ్చిందో లేదో సాయంత్రం తెలుస్తుందట. వచ్చినా, ఫీజు మాఫీ కాకపోతే చేరలేను. ఆ సంగతి తేల్చడానికే కాలేజీ ఆవిడ మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేస్తుంది.

మొన్న ఆవిడ అడిగితే, "మాకేం లోటండీ, కుట్టుమిషన్ ఆడుతున్నంతకాలం మేం మహారాజులం" అన్నావు. ఆవిడ అదే రాసుకుంది. ఆవిడేమీ మనకు వియ్యపురాలు కాదు నాన్నా, గొప్పలు చెప్పుకోవడానికి. చేయి వణుకుతోందని, వేసవి నుంచి కొట్టు తెరవలేదని ఉన్నదున్నట్టు చెప్పు. నేను చెబితే చెల్లదట, ఇంటి పెద్దే చెప్పాలట.

నాకు కోపం లేదు. ఆ మాట అంటున్నప్పుడు నువ్వు నా వంకే చూశావు. ఆవిడకు కాదు, నాకే చెబుతున్నావని తర్వాత అర్థమైంది.

కింద కాస్త చోటు మిగిలింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. లైబ్రరీకని బయల్దేరాను గానీ, అక్కడ నాకేం పనిలేదు. మనకు లేదనే మాట నువ్వు నా ఎదుట అనాల్సి రాకూడదని వెళ్తున్నాను.