నీ నైటీలో నేను

రమ్యక్కా,

నువ్వు చచ్చిపోయి ఈరోజుకి ఏడాది. నీ వాసన లేకుంటే మన పుంగనూరు ఆవు పాలియ్యదని, అమ్మ రోజూ నాకు నీ నైటీ వేసి పంపిస్తాండాది. "నేనే, రమ్యని" అని ఆవు చెవిలో చెప్పి పిండుతాండాను. ఫ్రెండ్స్‌కి కూడా చెప్పలేదు.

ఈ సాయంత్రం పాలచెంబు అందుకుంటా అమ్మ నన్ను సూసి నవ్వింది. ఏడాది తర్వాత నవ్వింది.

"రమ్యా, చెల్లి ఇంకా స్కూల్ నుంచి రాలా. యాడుండాదో ఏమో."

నేనేమ్మా చెల్లిని, అనబోయినా. ఆ నవ్వు పోతాదని, "వస్తాదిలేమ్మా" అన్నా. అచ్చం నీ గొంతే వచ్చింది. భయమేసింది.

ఇప్పుడు యూనిఫాం వేసుకుని, దొడ్డి వెనకాల కూర్చుని రాస్తాండా. అమ్మ గేటు కాడ నిలబడి నాకోసం సూస్తాండాది. నేను ఇంటికి వస్తే, నువ్వు మళ్లీ పోతావు.