పాత అర్థం ముందు

మే 11, ఆదివారం

మా అమ్మాయి హెస్టర్ ఫోన్ చేసింది. పెళ్ళి జూన్ 14న చర్చిలో, విందు బాన్‌బరీ దారిలో ఒక హోటల్లో. పెళ్ళికూతురి తండ్రిగా నేను స్పీచ్ ఇవ్వాలి. అమ్మ గురించి రెండు ముక్కలు చెప్పమంది. డిక్షనరీ మాత్రం తేవద్దంది. సరేనన్నాను.

సరేనన్నాను గానీ, ఏళ్ళ తరబడి డిక్షనరీ ఆఫీసులో ‘సెట్’ అనే ఒక్క ఇంగ్లీషు మాటకు అర్థాలు రాస్తూ కూర్చున్నవాణ్ణి. నాకు ఇంకేం వచ్చు?

మే 13

నా భార్య డిలిస్ చనిపోతూ నాకు అప్పగించి పోయిన పని ఒకటుంది. రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

కిందటేడు కాదు, అంతకు ముందు క్రిస్మస్‌కి హెస్టర్ చేసుకోబోయే కాలమ్, అతని తల్లిదండ్రులు గ్లాస్గో నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చారు. పుడ్డింగ్ కోస్తూ డిలిస్, లారీ తోలేవాడికి ఇవ్వడానికా నిన్ను ఇంత చదివించింది అని హెస్టర్‌ని అడిగింది. వాణ్ణి చేసుకుంటే నాకు కూతురే లేదనుకుంటానంది. అందరి ముందూ. కాలమ్ తల్లి చెంచా కింద పెట్టేసింది. హెస్టర్ వాళ్ళతోనే వెళ్ళిపోయింది. తల్లి ఆసుపత్రిలో పడేదాకా మా గడప తొక్కలేదు. వచ్చాక కూడా తల్లీకూతుళ్ళు దిండ్లు, మందులు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం.

ఎవరూ పిలవకుండానే వచ్చినవాడు కాలమ్. డ్యూటీ దిగి అదే బట్టల్లో వచ్చి, మంచం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవాడు. డిలిస్ నిద్ర నటించేది. నటన అని నాకు తెలుసు. అతనికీ తెలుసనుకుంటాను.

పోయే ముందు శుక్రవారం నా చెయ్యి పట్టుకుంది. “ఆ అబ్బాయి విషయంలో నాదే తప్పు. అందరి ముందూ అన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. నేనుండను. పెళ్ళిలో మీరు చెప్పండి.”

చెప్తానన్నాను. పక్కన ఇంకెవరూ లేరు.

మే 24, శనివారం

స్పీచ్ రాశాను. చింపాను. మళ్ళీ రాశాను. ఎలా మొదలుపెట్టినా ‘సెట్’ దగ్గరికే పోతోంది.

డిలిస్ చెల్లెలు మేర్ వచ్చింది. చదివి వినిపించాను. అసలు కంటే కొసరు ఎక్కువైంది బావా అంది. అక్క మాట ఎక్కడుందని అడిగింది. చివర్లో ఉందన్నాను. ఏం చెప్తానో మాత్రం ఆమెకీ చెప్పలేదు. పిల్ల గురించి ముందు చెప్పి, ఆ తర్వాత ‘సెట్’కున్న నీ కోళ్ళూ ఎముకలూ ఏవైనా చెప్పుకో అని పోరింది.

మా ఆఫీసు పద్ధతి అది కాదు. అన్నిటికంటే పాత అర్థం ముందు రావాలి. దాని వెనక దాని పిల్లలు, పిల్లల పిల్లలు. ఇవాళ జనం నోట ఆడే అర్థం అన్నిటికంటే చివర. అప్పుడే అది ఎంత దూరం నుంచి నడిచి వచ్చిందో తెలుస్తుంది. డిలిస్ మాట కూడా అలా నడిచి రావాలని నా ఆశ. మేర్‌కి ఇది ఎక్కలేదు.

జూన్ 9

హెస్టర్ మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మ గురించి రాశావా అంది. రాశానన్నాను. మంచిదే రాశావా అంది.

జూన్ 15, ఆదివారం, ఉదయం 6

చెప్పలేదు.

ఉదయం 11

చర్చిలో ఏ లోటూ రాలేదు. హోటల్లో నన్ను లేవమన్నారు. కాగితాలు తీశాను.

‘సెట్’ అంటే మొట్టమొదట కూర్చోబెట్టడం అన్నాను. వెయ్యేళ్ళ కిందట మా వాళ్ళు రాజును సింహాసనం మీద, రాయిని గోడలో అదే మాటతో కూర్చోబెట్టారు. తర్వాత పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టారు. జనం నవ్వారు. నేను నవ్వించగలనని నాకే తెలియదు. అదే మాటతో సూర్యుడు పడమటికి చేరాడు, విరిగిన ఎముక అతుక్కుంది, బల్ల మీద కంచాలు కుదిరాయి, ఎలుకకు బోను పెట్టారు. ప్రతిదానికీ నవ్వే. కాలమ్ తల్లి కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది. కాగితంలో లేనివి కూడా కలిపాను. గడ్డకట్టడం కూడా ‘సెట్’ అవడమేనంటూ, ఎంతకీ గడ్డకట్టని మా అత్తగారి జెల్లీ కథ ఎత్తుకున్నాను.

ఇంకా చదవాల్సింది ఉంది: ఆ మాటకి ఇంకో పుట్టుక. గుంపు అనే అర్థమున్న ‘సెట్’ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి ఇంట పెరిగి మా ఇంటికి వచ్చింది. రెండూ కలిసి కాపురం చేసి చేసి, ఇప్పుడు ఏ అర్థం ఎవరి పుట్టింటిదో విడదీయడం మాకే కష్టం. పెళ్ళంటే అదే అని చెప్పి, అక్కణ్ణుంచి డిలిస్ దగ్గరికి రావాలి. కాగితంలో అలాగే ఉంది.

జెల్లీ దగ్గరే కాలమ్ మేనమామ కళ్ళు తుడుచుకుంటూ గ్లాసు పట్టుకుని లేచాడు. స్పీచ్ అయిపోయింది, ఇక అందరూ గ్లాసులెత్తే వేళ అనుకున్నాడు పాపం. “పెళ్ళికూతురికి, పెళ్ళికొడుక్కి” అన్నాడు. కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. హాలంతా గ్లాసులెత్తి నిలబడింది.

కూర్చోండి, ఇంకొక్క మాటుంది అంటే సరిపోయేది. అంతే. కూర్చోమనడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో దేవుడికి తెలుసు. నేనూ గ్లాసు ఎత్తాను. తాగాను. కూర్చున్నాను.

హెస్టర్ వచ్చి కౌగిలించుకుంది. అందరూ మెచ్చుకుంటున్నారు నాన్నా అంది. నా చేతిలో చదవకుండా మిగిలిన కాగితాల వైపు చూసింది. ఏమీ అడగలేదు.

మేర్ అడిగింది, కారు దగ్గర. “కోడి పేరు వచ్చింది, ఎలుక పేరు వచ్చింది. మా అక్క పేరు ఒక్కసారైనా రాలేదేం బావా?”

జూన్ 16

ఆఫీసులో స్పీచ్ ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగిందన్నాను.

జూన్ 22

సిగ్గుగా ఉంది. చనిపోయే మనిషి ఒక్క పని అడిగింది.

జూలై 5, శనివారం

పిల్లలిద్దరూ హనీమూన్ ముగించుకుని స్కై దీవి నుంచి తిరిగి వచ్చి, టీకి మా ఇంటికి వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా చెప్పాను. డిలిస్ అన్నది అన్నట్టుగా, ఒక్క ముక్క మార్చకుండా.

కాలమ్ టీ కప్పు వైపే చూస్తూ ఉండిపోయాడు. హెస్టర్ నా చెయ్యి నిమిరింది, చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు.

“నా కోసం కల్పించావు కదూ నాన్నా? పర్వాలేదులే. అమ్మ అలా అనదు.”

ఒట్టేశాను. మరి పెళ్ళిలో ఎందుకు చెప్పలేదు, అంది. కోపం లేదు గొంతులో. నిజంగానే అడిగింది. జెల్లీ అని ఎలా చెప్పను?

దాన్ని తప్పుపట్టలేను. ఎవరో ఒంటరిగా విన్నాను అంటే నేనైనా ఆ అర్థాన్ని డిక్షనరీలోకి రానివ్వను. నలుగురు విని ఉండాలి. నలుగురిని పోగుచేసే ఇచ్చారు నాకు, హాలు నిండా.

పోతూ పోతూ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

జూలై 17, గురువారం

కాలమ్ ఫోన్ చేశాడు. దారిలో ఎక్కడి నుంచో, వెనక లారీల చప్పుడు. హెస్టర్‌కి చెప్పకండి అన్నాడు. ఆసుపత్రిలో ఆవిడ అన్న మాట ఇంకోసారి చెప్పమన్నాడు.

చెప్పాను.

ఇంకోసారి అన్నాడు.