పక్కలు కూడా కనిపించే హెల్మెట్

కోడలమ్మా, ఇక్కడ నేను కులాసా. అబ్బాయి చీకట్లో విమానం నడిపే రోజున నీకు కునుకు పట్టదని రాశావు, అందుకే ఈ ముక్క.

మా కార్ఖానాలో పైలట్లకని చేస్తున్న, చీకట్లోనూ కనిపించే కొత్త హెల్మెట్‌కి లోపలి మెత్త కుట్టేది నేనే. సరిపోయిందో లేదో చూడమని చీకటి గదిలో నా తలకే పెట్టారు. పాతవాటిలో గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపించేది. ఇందులో మెడ తిప్పకుండానే రెండు పక్కలా కనిపించింది.

"ఏం పెద్దాయనా, ఏమన్నా కనిపిస్తోందా?" అన్నారు ఇంజనీరు గారు.

"ఆ మూల మీరు ముక్కు గోక్కుంటున్నారండీ" అని నోరు జారాను. అందరూ ఒకటే నవ్వు, నాకు సిగ్గు.

పాపకి దగ్గు తగ్గిందా? అబ్బాయి వాళ్ళకీ ఇవే ఇస్తారట, ఎవరి తలకొలతకు వారివి. బరువు మాత్రం కాస్త ఎక్కువ. వాడికి మెడ ఏ పక్క పట్టేస్తుందో కనుక్కుని రాయి, అటు మెత్తగా కుడతాను. నేనడిగానని చెప్పకు, "నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అంటాడు. నువ్వు నిద్రపో తల్లీ. అందరికీ దీవెనలు.

మీ మామయ్య